మందు కొట్టిన సాలు

పోయిన వారం ఫ్రౌకేను వంటింటి కిటికీ దగ్గర, చేతిలో కాఫీ గిన్నెతో, ఊపిరి ఉగ్గబట్టుకున్న మనిషిని ఉన్నపళంగా వదిలేసి వచ్చాం. పాపం, మనం వచ్చేదాకా కదల్లేదు. ముందు సంగతి మరిచిపోయినవారి కోసం రెండు ముక్కలు చెప్పి ఆమెను కదిలిద్దాం.

ఫ్రీస్‌లాండ్ అనే చలిసీమలో సముద్రపు కట్ట కింది బంకనేలలో విత్తనపు బంగాళాదుంపలు పండించి బతికే రైతు డౌవే. తిండి పెట్టేది ఆ పొలమే అయినా ఆయన ప్రాణం మాత్రం పెరటి వెనకున్న చిన్న నేల చెక్కలో ఉంది. పెళ్ళయిన నాటి నుంచీ ఆ చెక్కలో ఈ పువ్వు పుప్పొడి ఆ పువ్వుకు అద్ది కొత్త రకాలు పుట్టిస్తున్నాడు. ఆకుమాడు తెగులుకు లొంగని దుంపను ఒక్కదాన్ని తన చేత్తో పుట్టించాలని పంతం. ఊరి రైతులంతా ఆ తెగులు రాకూడదని వారం వారం మందు కొడుతుంటే ఈయన అది రావాలని నీళ్ళు చల్లుతాడు. తేలిగ్గా జబ్బుపడే రకాలను మధ్య మధ్య నాటి, తెగులుకు పీట వేసి కూర్చోబెడతాడు. చచ్చేవన్నీ చావాలి, చావనిది మిగలాలి. ఇన్నేళ్ళలో చావనిదేదీ మిగల్లేదు.

ఈ ఏడు మిగిలింది. చుట్టూ నల్లగా కుళ్ళిన మొక్కల మధ్య చివరి సాలు ఒక్కటీ పచ్చగా నిలబడింది. డౌవే కొయ్య జోళ్ళతో గట్టు మీద గంతులు వేశాడు. ఫ్రౌకే వేయలేదు, ఎందుకంటే ఆ సాలుకు దొంగచాటుగా తెగులు మందు కొట్టింది ఆవిడే. జూన్‌లో ఆయన ఆశ పెట్టుకున్న రకాల మీద కూడా మచ్చలు కనిపించిన సాయంత్రం మొగుడు గట్టు మీద కూలబడిన తీరు చూడలేకపోయింది. పక్క పొలం చేసుకునే అన్న హార్మెన్‌ను బతిమాలి ఒక డబ్బా మందు తెచ్చుకుంది. ఒక్క సాలైనా బతికితే ఆయన ముఖాన నవ్వు చూడొచ్చనుకుంది. నవ్వి ఊరుకుంటాడనుకుంది గానీ, ఆకులు కోసి పరిశోధన కేంద్రానికి పంపిస్తాడని కలలో కూడా అనుకోలేదు.

ఆ కేంద్రంలో పని చేసే డాక్టర్ విల్లెమైన్ కారు వాకిట్లో ఆగింది. అక్కడే మనమూ ఆగాం.

విల్లెమైన్ పొడుగాటి మనిషి. గుమ్మంలో తల వంచి లోపలికి వచ్చి, వానకోటు కుర్చీకి తగిలించి, అడగకుండానే కూర్చుంది. పది గంటల కాఫీ వేళ. ఆ ఇంట్లో పది గంటల కాఫీకి మనిషికి ఒక్క బిస్కట్టు. డబ్బా తిరుగుతుంది, మూత పడుతుంది, ఇక ఆ మూత మధ్యాహ్నం దాకా దేవుడొచ్చినా లేవదు.

"ఫలితం వచ్చింది. ముందు కాఫీ తాగమంటారా, చెప్పమంటారా?" అంది విల్లెమైన్.

"కాఫీ ఎక్కడికీ పారిపోదు. చెప్పండి" అన్నాడు డౌవే.

"తెగులును తట్టుకునే జన్యువులు మనకు తెలిసినవి కొన్ని ఉన్నాయి కదా, అడవి దుంపల నుంచి తెచ్చుకున్నవి. వాటన్నిటి కోసం మీ దుంపలో వెతికాం. ఒక్కటీ లేదు."

డౌవే చేతిలోని కప్పు గాలిలో ఆగింది. "ఒక్కటీ లేదా?"

"ఒక్కటంటే ఒక్కటి లేదు. జన్యువంటే తలుపుకు తాళం లాంటిది, మీకు నేను చెప్పేదేముంది. ఒక్క తాళం వేస్తే నాలుగు రోజులకు ఆ తెగులు మారు తాళంచెవి చేసుకుని వస్తుంది. అందుకే ఒకే తలుపుకు రెండు మూడు తాళాలుండే రకం కోసం మేమంతా జుట్టు పీక్కుంటున్నాం. మీ తలుపు చూస్తే అసలు తాళమే లేదు, బార్లా తెరిచి ఉంది. ఊరంతా దోచిన దొంగ మీ గడప మాత్రం తొక్కలేదు."

"అయితే?"

"అయితే రెండే రెండు కారణాలుండాలి. ఇంతవరకూ ఎవరి కంటా పడని కొత్త తాళమేదో ఆ తలుపుకు ఉండాలి. లేదా..."

"లేదా?" అంది ఫ్రౌకే. అడిగిన గొంతు తనదేనని ఆమెకు తర్వాత తెలిసింది.

"లేదా గుమ్మంలో ఎవరో కర్ర పట్టుకుని కాపలా కాసి ఉండాలి" అని విల్లెమైన్ పెద్దగా నవ్వింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఫ్రౌకే రెండు చేతులూ గబుక్కున ఒళ్ళో దాచుకుంది. ఎవరూ చూడలేదు. డౌవే ఆ సమయంలో ఒక ఘోరం చేస్తున్నాడు. బిస్కట్ల డబ్బా మూత రెండోసారి తీశాడు. పెళ్ళైన తర్వాత ఆ చెయ్యి ఆ పని చేయడం ఫ్రౌకే ఎన్నడూ చూడలేదు. తన మొగుడు ఎంత ఆనందంలో ఉన్నాడో ఆమెకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

"తీసుకోండి డాక్టరమ్మా, ఇంకోటి తీసుకోండి. దానికి పేరు కూడా అనుకున్నాను" అన్నాడు.

"అప్పుడే?"

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని మనం నవ్వుకుంటాం. అక్కడి దుంపల వాళ్ళకైతే అది నవ్వులాట కాదు. రకం ఖాయం కాకముందే పేరు పెడితే అచ్చిరాదని వాళ్ళ నమ్మకం. అందుకే డౌవే ఇన్నేళ్ళుగా పుట్టించిన వేల మొక్కల్లో దేనికీ నెంబరు తప్ప పేరు పెట్టలేదు.

"మా ఆవిడ పేరు. ఫ్రౌకే అని."

ఫ్రౌకేకు బిస్కట్టు పొలమారింది. దగ్గి దగ్గి, కళ్ళు తుడుచుకుని, "నా పేరెందుకు? మీ అమ్మ పేరు పెట్టుకో" అంది.

"మా అమ్మకి జలుబొస్తే ఊరంతా మంచం పట్టేది. దుంపకి ఆ పేరేం పెడతాను? నువ్వు అలా కాదు. ఈ మట్టిలో, ఈ గాల్లో, నాలాంటి వాడితో ఇన్నేళ్ళు నిలబడ్డావు. ఏ మందూ మాకూ లేకుండా నిలబడేదానివి నువ్వు."

ఇంత పొడుగు మాట డౌవే పెళ్ళినాడు కూడా మాట్లాడలేదు. ఆ మాట ఇంకే రోజు అని ఉన్నా ఫ్రౌకే దాన్ని పదికాలాలపాటు మనసులో దాచుకునేది. ఈ రోజు మాత్రం అది తేలు కుట్టినట్టు కుట్టింది. తేలు కుట్టిన దొంగకు అరిచే హక్కు కూడా లేదు కదా. లేచి కప్పులు తీసింది.

ముగ్గురూ చెక్కలోకి నడిచారు. అడుగు పెట్టగానే కుళ్ళిన ఆకుల కంపు ముక్కు బద్దలుకొట్టింది. డౌవేకు మాత్రం అది తాలింపు వాసనలా ఉన్నట్టుంది, హాయిగా పీల్చాడు. చివరి సాలు దగ్గర విల్లెమైన్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక ఆకు తిప్పి చూసింది. ఇంకొకటి తిప్పింది. కళ్ళజోడు పైకి నెట్టుకుంది.

"ఆకు అడుగున ఈ నీలి ఛాయ ఏంటండీ?"

ఫ్రౌకే పక్కనున్న బట్టల దండెం గుంజను పట్టుకుంది.

"నీలమా?" అన్నాడు డౌవే, తనూ వంగి. "అవును, నీలమే."

"నేనింతవరకూ ఏ రకంలోనూ చూడలేదిది. తెగులును ఎదుర్కోవడానికి మొక్క తనంతట తనే తయారు చేసుకుంటున్న పదార్థమేమో." ఆమె గొంతులో భక్తి వచ్చేసింది. ఫోను తీసి ఈ పక్క నుంచి ఒకటి, ఆ పక్క నుంచి ఒకటి ఫొటోలు తీసుకుంది. "దీని మీదే ఒకళ్ళు డాక్టరేటు చేయొచ్చు."

ఆ డాక్టరేటు చేయబోయే అమ్మాయెవరో ఫ్రౌకే కళ్ళ ముందు కనిపించింది. కళ్ళజోడు పెట్టుకుని, పెళ్ళి వాయిదా వేసుకుని, హార్మెన్ కొట్టులోని డబ్బా మందు గురించి ఏళ్ళ తరబడి రాసుకుంటున్న అమ్మాయి. చెప్పెయ్యాలి అనుకుంది. నోరు తెరిచేలోపే విల్లెమైన్ అందుకుంది.

"మా కేంద్రంలో మొక్కలు పెంచే గాజింట్లో వెంటనే చోటు చూడాలి. పక్క ఊరి రైతు ఒకాయన మొలకలున్నాయి, పదేళ్ళ కష్టం. అవి తీయించేస్తాను. బాధపడతాడు, ఏం చేస్తాం, ఇది ముఖ్యం" అంటూ లేచి మోకాళ్ళు దులుపుకుంది విల్లెమైన్. "ఆఁ, ఒకటి అడగాలి. పద్ధతి కోసమే, తప్పుగా అనుకోకండి. ఈ సాలు మీద మందేమైనా పడిందా? పక్క పొలం నుంచి గాలికి కొట్టుకొచ్చిందైనా సరే."

డౌవే ఒక్కసారి నిటారుగా అయ్యాడు. "నా చెక్కలో మందు చుక్క పడిన రోజు ఈ పని మానేస్తానని ఒట్టు పెట్టుకున్న మనిషిని నేను. నా మాట మీద నమ్మకం లేకపోతే మా ఆవిడను అడగండి. పగలంతా ఆ దండెం దగ్గరే ఉంటుంది. అబద్ధమాడ్డం ఆమెకి చేతకాదు."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు.

"నేనే కొట్టాను" అంది ఫ్రౌకే.

"ఏం కొట్టావు?" అన్నాడు డౌవే. నిజంగానే అర్థం కాక అడిగాడు.

"మందు. హార్మెన్ దగ్గర తెచ్చి కొట్టాను. ఈ ఒక్క సాలుకే. నువ్వు రైతుల సంఘం మీటింగుకి పోయినప్పుడల్లా."

కట్ట మీద గొర్రెలు అరుస్తున్నాయి. విల్లెమైన్ ఫోనులో నీలి ఆకును ఒకసారి చూసుకుని, ఫోను జేబులో పెట్టుకుంది.

డౌవే ఆ సాలు వంక చూశాడు. "ఈ సాలే ఎందుకు?"

"బట్టల దండెం దగ్గర ఉందని. ఎవరైనా వస్తే బట్టలు తీస్తున్నట్టు నిలబడొచ్చు."

"దానిలో ఏదో చూశావనుకున్నా."

"ఏమీ చూడలేదు. నిన్ను చూశాను. ఆ రోజు గట్టు మీద నీ ముఖం చూడలేకపోయాను డౌవే."

"నా ముఖానికేం, ఓడిపోయినవాడి ముఖం అలాగే ఉంటుంది. ఇన్నేళ్ళూ ఓడిపోయాను గానీ ఎవరినీ మోసం చెయ్యలేదు. ఇవాళ గెలిచి మోసగాణ్ణయ్యాను." అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఫ్రౌకేకు అనిపించింది.

విల్లెమైన్ వానకోటు గుండీలు పెట్టుకుంది. "నేను పొద్దున్నే మా కేంద్రంలో ముగ్గురికి ఫోన్ చేసి చెప్పేశాను" అంది.

"వాళ్ళకి నిజం చెప్పండి" అంది ఫ్రౌకే.

"చెబుతాను. నవ్వుతారు."

"మమ్మల్నా?"

"మిమ్మల్నెందుకు, నన్ను. కొత్త తాళమని గంతులేసింది నేను కదా." కారు దాకా వెళ్ళి ఆగింది. "కాఫీ బాగుంది" అంది. అబద్ధం కాదు, అక్కడివాళ్ళు బాగోకపోతే బాగోలేదనే అంటారు. కారు వెళ్ళిపోయింది.

డౌవే సాలు మొదట్లోని నెంబరు పుల్లను లాగి, మోకాలి మీద విరిచి, జేబులో వేసుకున్నాడు. పుల్ల విరిస్తే ఆ రకం పని అయిపోయినట్టే. ట్రాక్టరు తెచ్చి, ఆకులు నరికే యంత్రాన్ని చెక్క మొత్తం మీదా నడిపాడు. పచ్చనిదీ నల్లనిదీ కలిసి పచ్చడైపోయింది. తర్వాత పలుగుతో చివరి సాలు తవ్వి దుంపలు బుట్టలో వేశాడు. అందమైన దుంపలు, ఆ మాట ఒప్పుకోవాలి. లేత పసుపు, ప్రతి కన్ను చుట్టూ గోరింట పెట్టినట్టు సన్నటి ఎర్ర గీత. ఆయన వాటి వంక చూడలేదు.

ఫ్రౌకే రెండో పలుగు తెచ్చుకుని పక్కన తవ్వబోయింది.

"వద్దండి, థాంక్స్" అన్నాడు డౌవే.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆమెను తిట్టాడు, విసుక్కున్నాడు, మూతి ముడుచుకుని పడుకున్నాడు. థాంక్స్ మాత్రం ఎన్నడూ చెప్పలేదు. ఆ ఇంట్లో ఆ మాట బయటివాళ్ళకు చెప్పేది. ఫ్రౌకే పలుగు అక్కడే వదిలేసి దండెం కిందికి పోయి, ఆరిన దుప్పటి వెనక నిలబడి ఏడ్చింది. మోసం చేసినందుకు కాదు, మళ్ళీ ఆ ముఖమే చూడాల్సి వచ్చినందుకు. తప్పించాలనుకున్నదాన్ని తన చేత్తోనే ఇంకా ఘోరంగా తెచ్చి పెట్టింది.

ఆ రోజు ఊళ్ళో పండగ. కాలువ పక్క మైదానంలో పొద్దుటి నుంచీ బంతాటలు నడుస్తున్నాయి. ఏటా ఆ పండగలో అమ్మే దుంపల వేపుడు డౌవే ఇచ్చే దుంపలతోనే. తెగులు పరీక్షలో నిలబడని రకాల్లో కుళ్ళనివి ఏరి ఇస్తాడు, ఊరు వేయించుకు తింటుంది. తిన్నవాళ్ళు ఊరుకోరు. "ఈ ఏటి ఓటమి కరకరలాడుతోంది డౌవే" అనో, "నిరుడు ఓడిపోయింది ఇంతకన్నా రుచిగా ఓడిపోయింది" అనో ఒక మాట విసిరి పోతారు. వేపుళ్ళ దుకాణం నడిపే చిత్స్కే పిన్ని బండి వాకిట్లోకి వచ్చింది. డౌవే మిగతా బుట్టల మీద ఈ బుట్ట కూడా పెట్టాడు. బండి వెళ్ళిపోయింది.

అది మలుపు తిరిగిందో లేదో హార్మెన్ ట్రాక్టరు దిగాడు. పండగ చొక్కా వేసుకున్నాడు, జుట్టు తడిపి దువ్వుకున్నాడు. చెల్లెలి ఎర్రబడ్డ కళ్ళు, బావ ముఖం, పచ్చడైన చెక్క, వరసగా చూశాడు.

"ఏమైందిక్కడ?"

"చెప్పేశాను" అంది ఫ్రౌకే. "నువ్విచ్చిన మందు సంగతి."

హార్మెన్ టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "మందు..." అన్నాడు. "అదీ... ఆ మందు గురించి నేనే ఒక మాట చెబుదామని."

"ఇంకేం చెబుతావురా?" అన్నాడు డౌవే. ఇద్దరూ బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. "నా పెళ్ళాం చేతికి నా చెక్క మీద కొట్టమని మందిచ్చావు. చిన్నప్పుడు నా గోళీలు కొట్టేసినప్పుడే అనుకున్నా నువ్వింతే అని."

"మందివ్వలేదు."

"ఏంటి?"

"లైసెన్సు లేనివాళ్ళ చేతికి మందిస్తే నా లైసెన్సు పోతుంది. ఎలా ఇస్తాను? ఇవ్వనంటే ఇది ఏడుస్తుంది. ఇది ఏడిస్తే నేను చూడలేను, చిన్నప్పటి నుంచీ అంతే. అందుకని డబ్బాలో నీళ్ళు పోసి, మందులా కనబడాలని గొర్రెలకి గుర్తులేసే నీలం రంగు కాస్త కలిపాను."

ఫ్రౌకే అన్న వంక చూసింది. "నీళ్ళా?"

"మంచి నీళ్ళే. కుళాయివి."

"రెండు నెలలు ఆ నీళ్ళు కొట్టి, రెండు నెలలు నిద్ర లేకుండా చచ్చాను. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబుదామనే వచ్చేవాణ్ణి. వచ్చినప్పుడల్లా నువ్వు దండెం దగ్గర అంత శ్రద్ధగా కొడుతుంటే నోరు రాలేదు."

చెల్లెలు మొగుడి మీది జాలితో అబద్ధమాడింది. అన్న చెల్లెలి మీది జాలితో ఆడాడు. ఆ ఇంట్లో జాలి కాస్త తక్కువగా ఉండుంటే ఈ పాటికి అందరూ సుఖంగా వేపుడు తింటూ ఉండేవారు. డౌవే మాత్రం వాళ్ళ గొడవ వినడం లేదు. ఆయన ముఖంలో ఏదో మెల్లగా లెక్క కడుతోంది.

"నీళ్ళు" అన్నాడు. "అంటే దాని మీద మందు పడలేదు."

"చుక్క కూడా పడలేదు" అన్నాడు హార్మెన్.

"తెలిసిన తాళం ఒక్కటీ లేదు. మందూ లేదు. అయినా నిలబడింది."

ముగ్గురూ ఒకేసారి చెక్క వైపు చూశారు. పచ్చటి ముద్ద. నాటుకోవడానికి ఒక రెమ్మైనా మిగల్లేదు. యంత్రం మంచిది, పని శుభ్రంగా చేసింది.

"బుట్ట" అంది ఫ్రౌకే.

ముగ్గురూ హార్మెన్ ట్రాక్టరు మీదికి ఎక్కారు. ఒకరు కూర్చునే చోట ముగ్గురు. గేర్లన్నీ వేసినా ఆ బండి తన వేగం తనదే అంటుంది. పండగకు సైకిళ్ళ మీద పోతున్న ముసలమ్మలు గంట కొట్టి మరీ దాటిపోయారు. ఫ్రౌకే మోచెయ్యి డౌవే డొక్కలో ఉంది, డౌవే మోకాలు ఆమె ఒళ్ళో ఉంది.

"ఒక్క దుంప చాలు" అన్నాడు డౌవే, ఎదర రోడ్డు వంకే చూస్తూ. "ఒక్కటి పచ్చిది దొరికితే చాలు. కన్ను కన్నుకీ ఒక మొక్క తీస్తాను."

"దొరుకుతుంది" అంది ఫ్రౌకే.

"దొరక్కపోతే నీ తప్పు కాదు. పలుగు నేను పట్టాను. ఒకసారి హార్మెన్‌ను అడుగుదామని కూడా అనుకోలేదు." మలుపు తిరిగాక, "థాంక్స్ అని ఉండకూడదు నేను" అన్నాడు.

ఫ్రౌకేకు మళ్ళీ ఏడుపొచ్చింది గానీ ఏడవడానికి ఆ ట్రాక్టరులో చోటు లేదు.

మైదానంలో చిత్స్కే పిన్ని మూకుళ్ళ మధ్య ఎర్రగా మెరిసిపోతోంది. ముందు వరస కట్టిన జనం. డౌవే వరసను తోసుకుని ముందుకు పోయాడు. ఆ ఊళ్ళో అలా తోసుకుపోయినవాణ్ణి పదేళ్ళ దాకా చెప్పుకుంటారు.

"పిన్నీ, పసుపు దుంపల బుట్ట. కళ్ళ చుట్టూ ఎర్ర గీతలున్నవి. ఎక్కడ?"

"ఇదిగో" అని ఆవిడ కాగితం పొట్లం ఒకటి చేతిలో పెట్టింది. "తిని చూడు. ఇన్నేళ్ళలో ఇంత మంచి ఓటమి నువ్వెప్పుడూ ఇవ్వలేదు."

డౌవే బంగారు రంగు ముక్కల వంక చూశాడు. "అన్నీ?"

"పెద్దవన్నీ నూనెలో పడ్డాయి. చిన్నవి ముసలివాళ్ళ సలాడ్‌కి తొక్కతోనే ఉడకేశాం."

"తొక్కలు? పెద్దవాటి తొక్కలు?"

"యంత్రం గీకిన తొక్కలు, గుజ్జై కాలువలో కలిశాయి. ఏంటయ్యా, దుంపలిచ్చి లెక్కలడుగుతావు?" అని ఆవిడ మూకుట్లో గరిటె తిప్పి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "ఒక్కటి మిగిలింది. చెంచాల పందెంలో ఒక పిల్లకి దుంప తక్కువైందంటే నీ బుట్టలోంచే ఒకటి తీసిచ్చాను."

ముగ్గురూ తిరిగి చూశారు. కాలువ గట్టు వెంబడి తాడు కట్టారు. తాడు వెనక పిల్లలు వరసగా నిలబడ్డారు, ప్రతివాళ్ళ చేతిలో చెంచా, చెంచాలో దుంప. అన్నీ గోధుమ రంగు మొద్దులు. చివరన, నీళ్ళ వైపు, రెండు జడల నీన్కే అనే పిల్ల చెంచాలో మాత్రం లేత పసుపు గుండు ఒకటి ఎండకు మెరుస్తోంది. ఎర్ర గీతలు ఇంత దూరానికీ డౌవే కంటికి ఆనాయి.

ఈల పడింది.

పిల్లలు పరుగెత్తారు. వాళ్ళ వెనక డౌవే పరుగెత్తాడు. పెద్దవాళ్ళూ పందెంలో ఉన్నారనుకుని జనం చప్పట్లు కొట్టారు. మైకులో ఒకాయన కొయ్య జోళ్ళతో పరుగెత్తడం నిబంధనలకు విరుద్ధమని ప్రకటించాడు. నీన్కే అందరికన్నా ముందుంది. వెనక నుంచి గట్టు అదిరేలా అడుగులు వినబడితే తిరిగి చూసింది. తన మీదికి వస్తున్న అంత పెద్ద మనిషిని చూసి కెవ్వుమంది. చెంచా వంగింది. దుంప గడ్డి మీద పడి, ఒక దొర్లు దొర్లి, గట్టు దిగి, నీళ్ళలో బుడుంగుమంది.

డౌవే ఆగలేదు. జోళ్ళతో, పొట్లంతో, ఒంటి మీది బట్టలతో సహా దూకేశాడు.

ఫ్రౌకే గట్టు అంచుకు చేరేసరికి నీళ్ళ మీద వేపుడు ముక్కలు తేలుతున్నాయి. ఆ ఊళ్ళో బడికి పోయే ప్రతి పిల్లా పిల్లాడూ ఈత పరీక్ష పాసవ్వాలి. డౌవే ఒక్కడు ఆ రోజుల్లో నీళ్ళకు భయపడి, దుంపల పనుందని సాకు చెప్పి ఎగ్గొట్టాడు. ఆ రహస్యం ఫ్రౌకేకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఊరంతా చూస్తోంది. ఆయన తల పైకి వచ్చింది, మునిగింది, మళ్ళీ వచ్చింది. ఒక చెయ్యి రెల్లు దుబ్బును దొరకబుచ్చుకుంది, ఆ దుబ్బు వేళ్ళతో సహా మెల్లగా ఊడి వస్తోంది. కొంచెం అవతల, దుంప మునిగిన చోట, బుడగలు ఒకటొకటిగా సన్నబడుతున్నాయి. అడుగున బురద మనిషి లోతుంటుంది. అందులోకి దిగిందంటే ఇక ఏ కన్నూ మొలవదు.

"ఫ్రౌకే" అన్నాడు డౌవే, నోట్లోని నీళ్ళు ఉమ్ముతూ. "నన్నొదిలెయ్. దాన్ని పట్టు."

"హార్మెన్" అని ఒక్క కేక వేసింది ఫ్రౌకే. చెప్పులు విడిచింది. గట్టు మీద జనమంతా ఆమె మొగుడి కోసం దూకుతోందనే అనుకున్నారు, పక్కకు జరిగి దారి ఇచ్చారు.

ఆమె దూకింది బుడగల వైపు.